జర్మన్‌లో చావమన్నారు

ముసలి మోట్కె వేదిక మీద చస్తూ చస్తూ "అమ్మా" అన్నాడు. అదీ వాడు చేసిన నేరం. మా యూదుల భాష యిడ్డిష్‌లో అన్నాడు మరి. ముందు వరసలో కూచున్న ఇన్‌స్పెక్టర్ బూట్లతో వేదికెక్కి వాడి గడ్డం పట్టి లాగాడు. పెట్టుడు గడ్డం ఊడి చేతికొచ్చింది. దాన్ని విసిరేసి అసలు చెంప మీద కొట్టాడు.

"చచ్చేదేదో జర్మన్‌లో చావు."

మమ్మల్నేలే రష్యా జార్ చక్రవర్తి హుకుం అది. యిడ్డిష్‌లో నాటకం ఆడకూడదు, జర్మన్‌లో ఆడుకోవచ్చు. అందుకే పోలండ్‌లోని మా లోజ్ ఊరి గోడల మీద మేం జర్మన్ నాటక సమాజం. ఇన్‌స్పెక్టర్ ఎదురుగా ఉన్నంతసేపూ వచ్చీరాని జర్మన్. చుట్ట కాల్చుకోడానికి బయటికెళ్లాడా, యిడ్డిష్. ఒకసారి ఆ చుట్ట ఆరేలోగా మా జ్లాటా ప్రేమించి, పెళ్లాడి, ముగ్గురు పిల్లల్ని కని, పెద్దదానికి సంబంధం కూడా ఖాయం చేసింది. అబద్ధమైతే నా కళ్లు పోను. వేదిక ముందు గూట్లో కూచుని మాటలందించే ప్రాంప్టర్‌ని నేనే.

జ్లాటా మా కథానాయిక, మా దర్శకురాలు. టోపీలు కుట్టేవాడి కూతురు. నాటకాల్లో చేరిందని తండ్రి బతికున్న పిల్లకి ఏడు రోజులు మైల పట్టాడు.

ఆట ఆగిపోయాక తెర వెనక దిగాలుగా టీ తాగుతున్నాం. నేతమిల్లులో పనిచేసే రైజెల్ తోటివాళ్లని వెంటేసుకుని లోపలికొచ్చింది.

"ఏం జ్లాటక్కా, పస్తుండి మేం ఇక్కడికెందుకొస్తున్నాం? మిల్లులో మేస్త్రీ పొద్దస్తమానం జర్మన్‌లోనే తిడతాడు. సెలవు పూట కూడా అదే వినాలా?"

"హుకుం కదమ్మా," అన్నాడు మోట్కె, చెంపకి తడిగుడ్డ అద్దుకుంటూ.

"ఆ చెంప అద్దంలో చూసుకుని చెప్పు తాతా."

నేనూ నసిగాను. "ఇరవై ఏళ్లు ఎలాగో గడిచాయి. ఇంకో ఏడాది గడవదా?"

"ఇరవై ఏళ్లూ ఈ మాటే అన్నావు బెరిష్," అంది జ్లాటా. "నాకు విసుగొచ్చింది. మా నాన్న నన్ను చచ్చిందనుకున్నా సరే, మనవాళ్ల మాటల్లో ఆడదామని వచ్చాను. ఆడానా? ఇన్‌స్పెక్టర్ చుట్ట ఎంత పొడుగుంటే నా వేషం అంత. వచ్చే ఆట మొదటి మాట నుంచీ యిడ్డిష్."

"నిన్ను జైల్లో పెడతారే," అన్నాను.

"నన్ను పెడితే నాటకం ఆగాలా?"



"ఆగదు. నువ్వు మొదలుపెట్టు," అంది రైజెల్.

వారం తిరిగింది. హాలు కిక్కిరిసింది. సమ్మె చేసిన కొడుకుని పట్టుకోడానికి బంట్లు వస్తే తల్లి గుమ్మానికి అడ్డం నిలబడుతుంది. అదీ నాటకం. తల్లి జ్లాటా, కొడుకు మోట్కె. కొడుకు తల్లికంటే ఇరవై ఏళ్లు పెద్ద, మా సమాజంలో అంతే.

మొదటి మాటకే ఇన్‌స్పెక్టర్ "జర్మన్!" అని అరిచాడు. జ్లాటా రెండో మాటా యిడ్డిష్‌లోనే అంది. మూడోదీ అంతే. నాలుగో మాటకి ఇద్దరు పోలీసులు ఆమె రెక్కలు పట్టి జనం మధ్య నుంచి ఈడ్చుకుపోయారు. వెనకే ఇన్‌స్పెక్టర్. అందరం లేచేలోపే గడప దాటించేశారు.

రైజెల్ ఒక్క ఉరుకున వెళ్లి తలుపులు మూసి గడియ పెట్టింది. మిల్లు జనం బల్లలు అడ్డం వేశారు.

వేదిక మీద మోట్కె కొయ్యబారి నిలబడ్డాడు. అలవాటు కొద్దీ తర్వాతి మాట గొణిగాను. అందుకోడానికి మనిషి లేదు. నా మీద నాకే మండింది. ఇరవై ఏళ్లుగా గొణుగుడే. గూట్లోంచి తల బయటికి పెట్టి, జనం వైపు తిరిగి, గొంతెత్తి చదివాను.

"ఈ ఇంట్లోకి మీరు రారు."

రైజెల్ అంది. పక్కామె అంది. బాల్కనీ అంతా అంది. ఎనిమిది వందల మంది. నాకు ఎనిమిది వేలు వినిపించారు.

బయటి నుంచి ఇన్‌స్పెక్టర్ తలుపు బాదుతున్నాడు. "తియ్యండి! తలుపు తియ్యండి!"

కాగితం చూశాను. తర్వాతి మాట అందించాను. ఒట్టు, కల్పించలేదు, నాటకంలో ఉన్నదే.

"మేం తలుపు తియ్యం," అన్నారు జనం.

అవతల, పోలీసుల మధ్య నుంచి, జ్లాటా గొంతు వినిపించింది. రిహార్సల్లో మమ్మల్ని చంపుకుతినే గొంతే.

"వెనక వరస వినబడలేదు. మళ్లీ అనండి."

మళ్లీ అన్నాం.