ఆమె చూడని మార్జిన్

ముసలాయన అచ్చాఫీసులో ముప్పై ఎనిమిదేళ్ళు ప్రూఫులు దిద్దాడు. రిటైరయ్యాక దిద్దడానికి ఏమీ మిగల్లేదు గానీ, చేతులు ఊరుకుంటాయా? మందు సీసాల మీది కాగితాలు, గోడ క్యాలెండరు, చివరికి కూతురి సరుకుల చీటీ కూడా ఎర్ర కలంతో దిద్దేసేవాడు. "కొట్టతను ఆ చీటీ చూసి నవ్వాడు నాన్నా!" అని కూతురు మొత్తుకుంది. మొత్తుకుని లాభం లేక, ఆయనకు కాలక్షేపంగా ఉంటుందని కంప్యూటర్లో ఒక మీట పెట్టించింది.

ఆ మీట సంగతి చెప్పాలి. దాన్ని నొక్కితే, తెరిచి ఉన్న వెబ్‌సైటు ఏదైనా సరే, కుడిపక్కన సన్నటి పట్టీ ఒకటి వస్తుంది. అందులో ఎవరైనా ఏమైనా రాయవచ్చు. మీట పెట్టుకున్న వాళ్ళందరూ అది చదవవచ్చు. పెట్టుకోనివాళ్ళకు కనిపించదు, ఆ వెబ్‌సైటు సొంతదారుకైనా సరే.

"అచ్చం మార్జిన్‌లో రాసినట్టే ఉందే!" అని ముసలాయన పొంగిపోయాడు. బస్సు వేళల సైటులో తప్పు పట్టాడు. ఆస్పత్రి సైటులో రెండు పట్టాడు. "భలే పట్టారు సార్" అని కింద పదిమంది రాసేసరికి ఇక ఆయనకు పట్టపగ్గాలు లేవు, పొద్దున్నే కాఫీ కప్పుతో అక్కడే కూర్చునేవాడు. ఇందులో తప్పేముంది అంటారా? మొదట్లో నేనూ అదే అనుకున్నాను.

వాళ్ళ వీధి మలుపులో కళ్ళజోళ్ళ దుకాణం ఉండేది. దాన్ని నడిపే ఆవిణ్ణి అందరూ కళ్ళద్దాలమ్మ అనేవారు. తండ్రి దగ్గర అద్దాలు సానబట్టడం నేర్చుకుని, ఆయన పోయాక ఒంటిచేత్తో నెట్టుకొస్తోంది. ఆ దుకాణం తప్ప ఆవిడకు వేరే ఆధారం లేదు. కొత్తవాళ్ళు వెబ్‌సైటు చూసే వచ్చేవారు.

ముసలాయన ఆవిడ దగ్గర రెండు జోళ్ళు చేయించుకున్నాడు, చదవడానికి ఒకటి, నడకకు ఒకటి. రెండూ నల్ల ఫ్రేములే కావాలని పట్టుబట్టాడు.

"తికమక పడతారు మాస్టారూ. ఒకటి వేరే రంగు తీసుకోండి."

"చుక్క పోకుండా చూసిన కళ్ళమ్మా ఇవి! నాకా తికమక?"

ఆవిడ నవ్వేసి, చదివే జోడు కాడకు ఎర్ర దారం చుట్టి ముడివేసింది. ఇంటికి వెళ్ళగానే ఆయన "ఇదేం వేషం!" అని దాన్ని కత్తిరించి పారేశాడు.

వారం తిరక్కుండా తలనొప్పి పట్టుకుంది. పుస్తకం తెరిస్తే అక్షరాలు అలుక్కుపోతున్నాయి. మెట్లు దిగుతుంటే కాలు తడబడుతోంది. దుకాణం ఎంత దూరమని? నూటయాభై అంగలు. వెళ్ళి అడగవచ్చు. వెళ్ళలేదు మహానుభావుడు. తెరకు ముక్కు ఆనించి, ఆవిడ సైటు పక్కన పట్టీలో రాశాడు: "ఇక్కడ చేయించిన జోళ్ళతో ఉన్న చూపు పోయేలా ఉంది. ఈవిడకు పని రాదు. జాగ్రత్త."

సాయంత్రానికి పన్నెండుమంది చేరారు. నెల తిరిగేసరికి డెబ్బైమంది అయ్యారు. "నేనూ విన్నాను" అని ఒకరు, "పాత అద్దాలే మళ్ళీ అమ్ముతుందట" అని ఇంకొకరు. వాళ్ళలో ఆ గడప తొక్కినవాళ్ళు ఎందరో దేవుడికే తెలియాలి. ముసలాయన మాత్రం పాత జోడు పెట్టుకుని, తన మాటకు ఇంత విలువ ఉందా అని మురిసిపోయాడు.

ఐదు నెలల తరువాత ఒక మధ్యాహ్నం కూతురు గుండీ కుట్టబోయి, సూదిలో దారం ఎక్కక, తండ్రి నడక జోడు తీసి పెట్టుకుంది.

"నాన్నా, ఇది నడకది కాదు. సూది బెజ్జం ఎంత బాగా కనిపిస్తోందో! అప్పుడు నువ్వు ఒకదాని బదులు ఇంకొకటి పెట్టుకున్నావు."

ముసలాయన చెప్పులు వేసుకుని మలుపుకు పరుగులాంటి నడకన వెళ్ళాడు. షట్టరు దించి ఉంది. వాకబు చేయగా, ఆవిడ పెద్ద బజారులో ఎవరిదో కొట్లో ఫ్రేములు తుడుస్తూ కనిపించింది.

"రండి మాస్టారూ! జోళ్ళు బాగున్నాయా?" అంది, ఏమీ ఎరగనట్టు. నిజంగానే ఏమీ ఎరగదు.

"దుకాణం ఎందుకమ్మా మూశావు?"

"జనం రావడం మానేశారండీ. కొత్త ఫ్రేములు తెచ్చాను, సైటులో ఫొటోలు మార్చాను. ఎక్కడ తప్పు చేశానో ఒక్కరంటే ఒక్కరు చెప్పలేదు. చెప్పుంటే దిద్దుకునేదాన్ని."

ఆయన ఫోనులో ఆ పట్టీ తెరిచి ముందు పెట్టాడు. ఆవిడ పైనుంచి కింద దాకా చదివింది.

"ఇదంతా నా సైటు పక్కనే ఉందా? ఇన్నాళ్ళూ?" ఫోను తిరిగి ఇస్తూ, "నేను కట్టిన దారం ఏది మాస్టారూ?" అంది.

"కత్తిరించేశానమ్మా. తప్పు నాది."

"ఒక్కసారి వచ్చి నా మొహానే అడిగుంటే, జోడు చేతిలోకి తీసుకోగానే చెప్పేదాన్ని కదండీ."

తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ తిట్టలేదు. ఆయన ముక్కు మీది జోడు తీసి, వదులైన మర అలవాటుగా బిగించి, తుడిచి ఇచ్చింది. ఆయనకు తలెత్తి చూడటానికి మొహం చెల్లలేదు.

ఇంటికి వచ్చి తన మాట చెరిపేశాడు. కింద ఉన్న డెబ్బై మాటలూ చెరపడం ఆయన చేతిలో లేదు. జరిగింది జరిగినట్టు రాశాడు. దాన్ని ముగ్గురు చదివారు.

"ఆ మీట తీసేయనా నాన్నా?" అంది కూతురు.

"మీట ఏం చేసిందే? అచ్చాఫీసులో నేను మార్జిన్‌లో రాసిన ప్రతి మాటా ముందు ఆ పుస్తకం రాసినాయన చేతికి వెళ్ళేది. ఆయన కాదంటే నా గీత నేనే కొట్టేసేవాణ్ణి. ఆ తరువాతే అది లోకానికి వెళ్ళేది. ముప్పై ఎనిమిదేళ్ళ పద్ధతి ఒక్క పూటలో ఎలా మర్చిపోయానే!" అంటూ ముసలాయన వెక్కివెక్కి ఏడ్చాడు.

ఆ మలుపులో షట్టరు ఇంకా దించే ఉంది. చదువరులారా, ఎవరి పనిలోనైనా తప్పుందని పదిమందికీ చాటబోయే ముందు, ఆ నూటయాభై అంగలూ నడిచివెళ్ళి, ముందు ఆ మనిషినే ఒక్క మాట అడగండి.