ఇద్దరు కోడళ్ల గోలీలు

మా అత్త కొమురవ్వ లెక్కలో లోకంలో ఉన్నవి రెండే రకాల ఒళ్లు. ఒకటి వేడి ఒళ్లు, ఇంకోటి చలవ ఒళ్లు. పెద్దకోడలిని నేను, శంకరవ్వను, వేడి. చిన్నకోడలు అనసూర్య చలవ. నాకు కోపం వచ్చి గిన్నెలు గట్టిగా పెడితే వేడి ఒళ్లు కదా అని నన్ను వదిలేసేది. అనసూర్య మూలన కూర్చుని కళ్లొత్తుకుంటే చలవ ఒళ్లు కదా, నీళ్లు నిలవవు అని దాన్నీ వదిలేసేది. ఈ ఒక్క శాస్త్రంతో ఆమె ఇల్లంతా నడిపింది. మా మొగుళ్లు రాయమల్లు, రాజలింగు అన్నదమ్ములు. నస్పూర్ పక్కన బొగ్గుబావిలో పని. రెండు గదుల క్వార్టర్‌లో అందరం సర్దుకుని ఉండేవాళ్లం. పంతొమ్మిది వందల అరవై ఐదులో కోడళ్లిద్దరం ఒకేసారి కడుపుతో ఉన్నాం.

నాది రెండో కాన్పు, నాకేం భయం లేదు. భయమంతా అనసూర్య గురించే. దాని మొదటి కాన్పు తల్లిగారింట్లో అయ్యింది. బిడ్డ దక్కలేదు. నెత్తురు ఆగకుండా పోతుంటే ఎడ్లబండిలో వేసి దవాఖానకు తెచ్చారు. ఎట్లనో బతికింది. ఇంటికి పంపేటప్పుడు అక్కడి డాక్టరు రాజలింగును పక్కకు పిలిచి, ఈ పిల్ల ఒంట్లో నెత్తురే లేదు, ఇంకోసారి ఇట్లా పోతే మేమెవ్వరం ఏం చేయలేం అని చెప్పి పంపాడు. అందుకే అది మళ్లీ నీళ్లోసుకుందని తెలిసిన రోజు మా ఇంట్లో ఎవ్వరూ నవ్వలేదు. అత్త వేములవాడ రాజన్న గుడిలో కోడెను కడతానని మొక్కుకుంది. రాజలింగు కల్లు మానేశాడు. అనసూర్య మాత్రం ఎప్పటిలాగే నీళ్లకు పోయేది. బిందె ఎత్తుకుని రెండు మెట్లెక్కితే రొప్పేది, గోడ పట్టుకుని నిలబడేది, మళ్లీ నడిచేది.

ఆ రోజుల్లోనే హైదరాబాదు నుంచి దశరథం అనే డాక్టర్ వచ్చాడు. సన్నగా, కళ్లద్దాలతో, ఎప్పుడూ ఏదో మరిచిపోయిన మనిషిలా ఉండేవాడు. బొగ్గుబావుల దగ్గర జనానికి నెత్తురెందుకు తక్కువగా ఉంటుందో కనిపెట్టాలని ఆయన పట్టు. ముందు మగవాళ్ల మీద పడ్డాడు. ఖాళీ అగ్గిపెట్టెలు పంచి, పొద్దున దొడ్డికి పోయినప్పుడు అందులో కొంచెం పెట్టుకు రమ్మన్నాడు. బావిలో పైకప్పు కూలినా బెదరని మగవాళ్లు ఆ అగ్గిపెట్టె చూసి వారం రోజులు డాక్టర్ కంటపడకుండా తిరిగారు. చివరికి ఆయన మాటే నిజమైంది. చెప్పుల్లేని కాళ్లకు తడిమట్టిలోంచి సన్నపురుగు ఎక్కి, పేగుల్లో చేరి నెత్తురు తాగుతోందట. మందు తాగించి ఆ పురుగును పడగొట్టాడు.

తర్వాత కడుపుతో ఉన్న ఆడవాళ్ల వంతు వచ్చింది. వేలికి సూది గుచ్చి, చుక్క నెత్తురు సన్నటి గాజుగొట్టంలోకి పీల్చి, ఏదో నీళ్లు కలిపి, ఆ రంగును పక్కనున్న గాజుతో పోల్చి చూశాడు. మా పేర్ల మీద ఎర్రగోలీల పొట్లాలు కట్టి నర్సు తారాబాయి చేత ఇప్పించాడు. పొద్దున తిన్నాక ఒకటి, రాత్రి తిన్నాక ఒకటి. ఎవరి పొట్లం వాళ్లే వాడాలి, ఒకరివి ఇంకొకరు ముట్టకూడదని మరీ మరీ చెప్పాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆయనా చెప్పలేదు.

తారాబాయిది ఆదిలాబాద్ అవతల మరాఠీ ఊరు. మా వాడకట్టులో ఏ గడప ఎత్తెంతో ఆమెకు తెలుసు. ఎవరికి నొప్పులు మొదలైనా ముందు పిలిచేది ఆమెనే.

గోలీలు మొదలుపెట్టిన కొద్దిరోజులకే నా కడుపులో మంట మొదలైంది. నోట్లో ఇనుపగొలుసు చప్పరించినట్టు ఉండేది. దొడ్డికి సరిగా రాదు, వస్తే కాటుక నలుపు. తెల్లవారుజామున మా వాడకట్టు ఆడవాళ్లమంతా చెంబులు పట్టుకుని బొగ్గుగుట్టల వెనక్కి కలిసే పోతాం. అక్కడ మాకు దాపరికాలుండవు. ఎవరి మొగుడు ఎవరిని తిట్టాడో, ఎవరి ఇంట్లో ఏం కూరో అన్నీ అక్కడే తేలిపోతాయి. నా సంగతి చెబితే మూల ఇంటి బుచ్చవ్వ తనదీ నలుపేనంది. ఇంకొందరు తమకేం లేదన్నారు. అనసూర్యకూ ఏం లేదు. మంట లేదు, నలుపు లేదు, బలమూ లేదు. దాని పెదాలు రోజురోజుకూ కడిగిన బియ్యంలా అవుతున్నాయి.

ఆ మాట ఇంటికి చేరింది. అత్త నన్నొకసారి, దాన్నొకసారి చూసింది. రెండు పొట్లాలూ విప్పి ఒక్కో గోలీ అరచేతిలో పెట్టుకుని వాసన చూసింది. తీర్పు చెప్పేముందు ఆమెకు దగ్గడం అలవాటు, దగ్గింది.

"గోలీలల్ల గూడ వేడివి ఉంటయి, సల్లవి ఉంటయి. గా డాక్టర్ సాబ్ సూస్కోకుంట వేడి పిల్లకు వేడివే కట్టిండు, సల్ల పిల్లకు సల్లవే కట్టిండు. ఒకామెకు కడుపు కాలవట్టె, ఒకామెకు సత్తువ సాలకపాయె. ఒక్క ఇంట్ల ఇద్దరు కోడళ్లకు రెండు తీర్ల వెడితె నాకు పాపం."

అని, రెండు పొట్లాలూ ఒక్క గాజుసీసాలో పోసింది. సీసా మూతి మీద చెయ్యి అడ్డం పెట్టి బాగా కుదిపింది. ఆ రోజు నుంచి పూటపూటకూ తన చేత్తోనే తీసి మాకిచ్చేది. డాక్టర్ వద్దన్నాడు కదా అత్తా అన్నాను. డాక్టర్‌కు ఇద్దరు కోడళ్లు ఉన్నారా అని అడిగింది. లేరు. అక్కడితో ఆ ముచ్చట అయిపోయింది.

నా కడుపుమంట సగానికి సగం తగ్గింది. వారం పది రోజులకు ఒక తెల్లవారుజామున బొగ్గుగుట్టల వెనక అనసూర్య నా దగ్గరికి వచ్చి, చెవిలో, తనకూ నలుపైందని చెప్పి నవ్వింది. కడుపు పండినప్పుడు నవ్వని మనిషి ఆ నలుపుకు నవ్వింది. నాకూ నవ్వాగలేదు. ఆ తర్వాత నెమ్మదిగా దాని పెదాల్లోకి రంగు వచ్చింది. బిందె పట్టుకుని మెట్లెక్కి గోడను ఆసరా అడగకుండా వంటింట్లోకి పోయింది. ఒకరోజు నేనేదో అంటే మాటకు మాట తిరిగి చెప్పింది. ఇంటికి వచ్చిన రెండు మూడేళ్లలో అది నాకు ఎదురు మాట్లాడటం అదే మొదలు. నాకు ఎంత సంతోషమైందో! ఆ సంతోషంలో ఇంకో నాలుగు తిట్లు తిట్టాను.

నెలలు నిండుతుండగా దశరథం డాక్టర్ మళ్లీ నెత్తురు చూడటానికి వచ్చాడు. మా క్వార్టర్ల వరసలోనే ఒక వసారాలో బల్ల వేసుకుని కూర్చున్నాడు. నాది చూసి బాగుంది అన్నాడు. అనసూర్య చుక్కను గొట్టంలో కలిపి వెలుగుకు పట్టాడు. పక్కన పెట్టాడు. ఇంకో వేలికి గుచ్చి మళ్లీ చూశాడు. బయట ఇంకేమన్నా మందు తిన్నావా, సూదులు వేయించుకున్నావా అని దాన్నే గుచ్చి గుచ్చి అడిగాడు. అది బెదిరి తల అడ్డంగా ఊపింది.

ఆయన తారాబాయి వైపు తిరిగాడు. పొట్లాలు తారుమారు చేసిందని నిలదీశాడు. పేరు చూసి ఇచ్చానని ఆమె అంది. మరి ఈ పిల్లకు ఇంత నెత్తురు ఎక్కడి నుంచి వచ్చిందన్నాడు. తెలియదంది. ఇన్ని నెలల పని మట్టిలో కలిపావు, రేపటి నుంచి నువ్వు రానక్కర్లేదన్నాడు. తారాబాయి సంచి భుజానికి వేసుకుంది. అది జారిపోతుంటే మళ్లీ వేసుకుని మెట్ల వైపు నడిచింది.

నేను అత్త చెయ్యి గట్టిగా నొక్కాను. నోరు విప్పొద్దని. చెబితే ఆ కోపంలో ఆయన గోలీలు ఆపేస్తే? కాన్పు ఇంకా ముందే ఉంది. అనసూర్య ముఖంలోకి వచ్చిన ఆ కాస్త రంగూ పోతే? అత్తకూ అదే భయం. మెట్లు దిగుతున్న తారాబాయి వైపు చూసింది, కోడలి వైపు చూసింది. దగ్గింది.

"గా బాయి తప్పేం లేదు సారూ. గోలీలు కలిపింది నేను."

డాక్టర్‌కు మొదట అర్థం కాలేదు. అత్త వేడి, చలవ, సీసా, పాపం అన్నీ వరసగా చెప్పింది. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"అవ్వా, శంకరవ్వ పొట్లంలనే మందున్నది. అనసూర్య పొట్లంల ఉన్నది రంగేసిన సుద్దపొడి."

కొందరికి మందు, కొందరికి సుద్ద ఇచ్చి చూస్తేనే నెత్తురు పెరిగింది గోలీతోనా, తిండితోనా అన్నది తేలుతుందట. తేలితే రేపు వేలమంది ఆడవాళ్లకు మేలు జరుగుతుందట. ఆయన చెబుతూనే ఉన్నాడు. నా చెవులకు సుద్ద అన్న మాట తప్ప ఇంకేదీ ఎక్కలేదు. మా అత్త శాస్త్రం అబద్ధమని ఎవరన్నా అంటే ఆ రోజు నా ఒళ్లు ముట్టుకుని చూడాల్సింది.

"గీ పిల్ల సచ్చిపోతె మీ లెక్కల ఒకామె తక్కువైతుండె. గంతేనా సారూ?" అన్నాను.

దాని మొదటి కాన్పు సంగతంతా అక్కడే, వాడకట్టు వింటుండగా చెప్పాను. ఎడ్లబండి, నెత్తురు, అప్పటి దవాఖాన డాక్టరు చెప్పిన మాట, ఏదీ వదల్లేదు. దశరథం డాక్టర్ ముఖంలో కోపం ఎటు పోయిందో తెలియదు. మొదటిసారి చూసినప్పుడు నెత్తురు మరీ తక్కువ లేదని సుద్ద వరసలో వేశాడట. తగ్గుతోందేమోనని ఈ నెలంతా నిద్ర పట్టలేదట.

"కాన్పు సంగతి నాకెవ్వరు చెప్పలే. నేను అడగలే గూడ. అడగకపోవుడు నా తప్పు." ఆ మాట ఆయన నాతో కాదు, అనసూర్యతో అన్నాడు. తర్వాత అత్తతో అన్నాడు. "నువ్వు నా మాట వింటె ఏమైతుండెనో అవ్వా."

"ఇగ గోలీలు బంద్ వెడుతవా?" అత్తకు కావలసింది ఆ ఒక్కటే.

పెట్టనన్నాడు. ఇద్దరికీ మందు పొట్లాలే తన చేత్తో కట్టి ఇచ్చాడు. మెట్ల దగ్గర నిలబడ్డ తారాబాయి దగ్గరికి పోయి, ఆమె సంచి తీసుకుని తెచ్చి బల్ల మీద పెట్టాడు. తర్వాత వరసంతా తిరిగి అడిగితే తేలిందేమిటంటే, ఇద్దరు కడుపుతో ఉన్న ఇల్లు ఏదీ కలపకుండా ఊరుకోలేదు. బుచ్చవ్వ అయితే తన గోలీలను పక్కింటామెతో చింతపండుకు మార్చుకుంది. ఆయన తల పట్టుకుని, ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టాడు. ఆ రోజే వాడకట్టులో సుద్ద ఆపేసి అందరికీ మందిచ్చాడు. సగం మందుతోనే అనసూర్య నెత్తురు అంత పెరిగిందంటే, నా కడుపుమంట కూడా తగ్గిందంటే, ఎంత మందు చాలన్నది మళ్లీ మొదటి నుంచి చూడాలని తనలో తాను అనుకుంటూ పోయాడు. ఈసారి ముందుగా అందరికీ చెప్పి, మా అత్తను అడిగి మొదలుపెట్టాడు.

అనసూర్యకు నొప్పులు ఒక మధ్యాహ్నం వచ్చాయి. తారాబాయి దవాఖానకు తీసుకుపోయింది. కబురు విని దశరథం డాక్టర్ కూడా వచ్చాడు. నా కడుపు మోసుకుని నేను దవాఖాన వసారాలో గోడకానుకుని కూర్చున్నాను, అత్త నిలబడే ఉంది. లోపలి నుంచి ఎర్రగా తడిసిన గుడ్డలు బయటికి వస్తున్నాయి. పోయినసారి లాగానే నెత్తురు పోతోంది. పగటి షిఫ్టు కూత అయిపోయింది. రాజలింగు బావి నుంచి తిన్నగా వచ్చాడు, ముఖం కూడా కడుక్కోలేదు. ఏమైందని అడగడానికి భయపడి మెట్ల కిందే ఆగిపోయాడు.

తలుపు తెరుచుకుని తారాబాయి బయటికి వచ్చింది. చేతుల్లో గుడ్డలో చుట్టిన పసిగుడ్డు, గుక్కపట్టి ఏడుస్తోంది. మా అత్త ఆ మూట వైపు చూడనైనా లేదు.

"నా కోడలు?" అంది.

"కండ్లు దెరిసింది. చాయ్ అడుగుతుంది."

అత్త ఉన్నచోటనే నేల మీద కూర్చుండిపోయి బావురుమంది. మామ పోయినప్పుడు కూడా అంత గట్టిగా ఏడవలేదని వాడకట్టు వాళ్లు చెప్పేవారు. రాజలింగు మసి చేతులతో కళ్లు తుడుచుకుంటే ముఖమంతా చారలైంది. దశరథం డాక్టర్ చెమటలు కారుతూ వచ్చి, నెత్తురు పోయినా తట్టుకుంది, ఇక భయం లేదు అని ముగ్గురికి మూడుసార్లు చెప్పాడు. నా కడుపులోని బిడ్డ తన్నింది. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు.

తారాబాయి మాత్రం మూట పట్టుకుని అట్లాగే నిలబడి ఉంది. చివరికి ఆమెకే విసుగొచ్చింది. ఇంతమంది ఉన్నారు, ఆడపిల్లా మగపిల్లాడా అని ఒక్కరన్నా అడిగేదుందా లేదా అంది.

మా అత్త కొంగుతో ముక్కు తుడుచుకుని లేచింది.

"ఏదైతేంది బాయీ. ముందుగాల నా కోడలికి గా చాయ్ పొయ్యి."