ఎవ్వరు చెయ్యెత్తలేదు

పద్నాలుగు కిలోల చేపలు. పొద్దుగాల ఆరింటికే వైరా నుంచి బండి మీద తెప్పించి, స్కూలు వెనక భోజనాల షెడ్డుల నా ముందట దింపిచ్చిండు మా ఆయన బెంజమిన్. ముప్పైమంది టీచర్లు వస్తున్నరు, పులుసు మన ఇంటి పులుసు లెక్కనే ఉండాలె అన్నడు. ఇస్త్రీ అంగీ మీద నీళ్ళు పడకుండ పక్కకు జరిగి నిలబడి, ఇయ్యాల్టి పాఠానికి నేను గీసిన చార్టులు ఏ వరుసల పెట్టాల్నో ఒక్కసారి మళ్ల చెప్పమన్నడు. బూడిద రాసి పొలుసు తీసుకుంటనే చెప్పిన. ముందు టెన్సులు. తర్వాత సిమిలీ, మెటఫర్, అంటే ఒకదాన్ని ఇంకోదానితోటి పోల్చుడు. ఆఖరికి కథ. కథల ఎవరెవరున్నరు, ఎక్కడ జరిగింది, గొడవ ఎట్ల మొదలైంది, ఎట్ల తెగింది. జేబుల నుంచి చీటీ తీసి రాసుకున్నడాయన. పాఠం నాది, రాసుకునుడు ఆయనది, నీసు కంపు నా చేతులది.

మా చుట్టుపక్కల స్కూళ్ళ టీచర్లంత నెలకోసారి ఒక స్కూల్ల కూడుతరు. ఒకరు మోడల్ లెసన్ చెప్తరు, మిగిలినోళ్ళు వెనక బెంచీల మీద కూసొని చూస్తరు. ఈసారి మా వంతు. పదో తరగతికి పరీక్షలు దగ్గరికొచ్చినయి గనుక ఇంగ్లీషు రివిజన్ పాఠం. మంచిగ చెప్పినోళ్ళను ఖమ్మంల పదిరోజుల ట్రైనింగుకు పంపుతరు, వాళ్ళు వచ్చి మిగతా టీచర్లకు చెప్పాలె. నా లెక్క విద్యా వాలంటీర్లు గూడ పోవొచ్చని కాగితంల ఉంది. ఆ కాగితం చదివి మా ఆయనకు చెప్పింది నేనే. చెప్పి, నేను పోత అన్న. ఆయన కంచంల నుంచి తల గూడ ఎత్తలె. "పదిరోజులా? అమ్మకు వేడినీళ్ళు ఎవరు పెడతరు?" అన్నడు. మంచం మీద నుంచి మా అత్త జోజమ్మ అందుకుంది. మొగడు హెడ్మాస్టరు, పెండ్లాం టీచర్లకు టీచరా, నలుగురు వింటే నవ్విపోతరు అని. ఆ నలుగురు ఎవరో పెండ్లయి పదకొండేండ్లయినా నాకు ఒక్కసారి గూడ కనపడలె.

చెప్పాల్నంటే మా ఆయనే ఇంగ్లీషు టీచరు. రెండేండ్ల కింద ఇన్‌చార్జి హెడ్మాస్టరు అయినంక క్లాసుకు పోవుడు బంద్ చేసిండు. ఎనిమిది నుంచి పది దాక ఇంగ్లీషు మొత్తం నా నెత్తిన పడ్డది. నేను విద్యా వాలంటీర్ని. ఏడాదికోసారి జూన్‌ల ఆయన సంతకం పెడితేనే నాకు మళ్ల క్లాసు. ఇంట్ల కూరల ఉప్పు తక్కువైనా, నేను ఒక మాటకు మాట చెప్పినా, "జూన్ వస్తది గదా స్తుతీ" అని నవ్వుతడు. తమాషకే అంటడు. తమాష ఎవరికో మరి. ఆ నవ్వుకు నేను చాయ్ పెట్టిచ్చి, గిన్నెలు తోమి, అప్పుడు కూసొని రేపటి పాఠం రాసుకుంట. పేపర్లు దిద్దేది గూడ పప్పు ఉడికే సందులనే. ఒక్కోసారి పిల్లల జవాబుల మీద పసుపు మరకలు పడతయి. వాళ్ళు ఏమనరు. వాళ్ళ ఇండ్లల్ల గూడ అమ్మలకు గట్లనే ఉంటది.

మా పిల్లలు తండాల నుంచి, గూడేల నుంచి వస్తరు. ఇంట్ల ఒక భాష, బడిల తెలుగు, ఆపైన ఇంగ్లీషు. పుస్తకంల సిమిలీ అంటే మంచు లెక్క తెల్లగ అని ఉంటది. మా చండ్రుగొండ దాటి ఎన్నడు పోని పిల్లకు మంచు ఏం తెలుస్తది? పుస్తకం మూసేసి, మీరు చూసినయే రాయండన్న. ద్వాలి అనే పిల్ల ఎండకాలం అడవికి బీడీల తునికాకు తెంపబోయినప్పటి కథ రాసింది. ఎలుగుబంటి లేచి నిలబడింది, సోమవారం ప్రేయర్ల హెడ్మాస్టర్ సార్ నిలబడ్డట్టు, అని ఇంగ్లీషులనే రాసింది. క్లాసంత పడి పడి నవ్వింది. చార్టు మీదికి ఎక్కియ్యలేదు గని, ఆ ఏడు నాకు అంతకన్న మంచి సిమిలీ దొరకలె.

తొమ్మిదింటికి అందరు వచ్చిండ్రు. పరిశీలనకు వచ్చిన రామ్‌చందర్ సార్ ముందట కూసున్నడట, ట్రైనింగుకు పేరు రాసేది ఆయనే. షెడ్డు గోడ అవతలనే పదో తరగతి, కిటికీ తెరిచే ఉంది. నేను చింతపండు పిసుక్కుంట చెవి అటే పెట్టిన. మా ఆయన గొంతు గంభీరంగ మోగింది. గుడ్ మార్నింగ్ అయింది, కూసోమనుడు అయింది. సిమిలీ అంటే ఏందో తెలిసినోళ్ళు చెయ్యెత్తమన్నడు. సప్పుడు లేదు. మెటఫర్? లేదు. కథల సెట్టింగ్ అంటే ఎవరికన్న తెలుసా? ఎవ్వరు చెయ్యెత్తలె. ఎవరో దగ్గిండ్రు. చేతులు ఎందుకు లేస్తలేవో నాకు తెలుసు, ఆయనకు తెలియదు.

నా క్లాసుల తెలిసినోళ్ళు చెయ్యెత్తరు. తెలియనోళ్ళు ఎత్తుతరు. మొదట్ల నేను గూడ అందరి లెక్కనే అడిగేదాన్ని. రోజూ ఆ నలుగురే లేస్తరు, ముప్పైమంది తలకాయలు దాచుకుంటరు. నాకు కావాల్సింది ఆ ముప్పైమంది. అందుకే తెలియదంటే చెయ్యెత్తు, సిగ్గేం లేదు, మళ్ల చెప్త అన్న. రెండేండ్లుగా గట్లనే నడుస్తుంది. ఎవరు ఎట్ల అడిగినా వాళ్ళకు చెయ్యెత్తుడంటే తెలియదనుడే. ఈ రెండేండ్లల్ల ఒక్క పీరియడ్ ఆ గదిల నిలబడ్డా మా ఆయనకు తెలిసేది.

మా ఆయన గొంతు తెలుగులకు దిగింది. ద్వాలిని లేపిండు. ఆకులు కట్టలు కట్టుకునేటోళ్ళకు ఇంగ్లీషు ఎందుకు, రేపటి నుంచి అడవికే పో అన్నడు. తర్వాత చూడవచ్చినోళ్ళ దిక్కు తిరిగినట్టుంది, మాట మెత్తబడ్డది. "ఏం చేస్తం సర్, ఈ క్లాసు వాలంటీరు తీసుకుంటది. చెప్పుడు సరిగ లేదు."

చూసిండ్రా! పొద్దున చీటీల రాసుకున్నప్పుడు ఆ పాఠం ఆయనది. పిల్లలు పలకకపోయేసరికి నాది. నన్నంటే పడుత, పడీ పడీ అలవాటైంది. గని ఆ పిల్లను అడవికి పో అంటడా? ఆమె ఇంట్ల నుంచి పదో తరగతి దాక వచ్చిన మొదటి మనిషి ఆమె. చెయ్యి చీర కొంగుకు తుడుచుకుని ఇటు నుంచి అటే క్లాసులకు పోయిన.

"సిమిలీ తెలియనోళ్ళు?" అన్న. ఒక్క చెయ్యి లేవలె. మెటఫర్ తెలియనోళ్ళు? లేవలె. ద్వాలీ, చెప్పు బిడ్డా అన్న. కండ్లు తుడుచుకుని లేచి చెప్పింది, ఎలుగుబంటిని గూడ చెప్పింది. హెడ్మాస్టర్ కాడికి వచ్చేసరికి ఆయన దిక్కు చూసి, కోపమొచ్చిన మనిషి లెక్క అని మార్చింది. టీచర్లు నవ్విండ్రు. ఇగ ఆగలేదు. అర్ధగంట చెప్పిన. కథల గొడవ ఎక్కడుందంటే ఆ మూల నుంచి ఒకరు, ఈ మూల నుంచి ఒకరు చెప్పిండ్రు. నా చేతులు చేపల కంపు కొడుతున్నయని గూడ మరిచిపోయిన.

పాఠం అయినంక రామ్‌చందర్ సార్ లేచిండు. నా దిక్కే వస్తున్నడనుకున్న. నన్ను దాటిపోయి మా ఆయన చెయ్యి పట్టుకుని ఊపిండు. "మిసెస్‌ను బాగ తయారు చేసిండ్రు సర్. మీ కష్టం కనపడుతుంది."

"అంత దేవుని కృప," అన్నడు మా ఆయన.

ఒక్కసారి కాదనలేదు. ఆ చార్టుల మీద గీతలు దేవుడు గీసిండా, నేను గీసిన్నా? రామ్‌చందర్ సార్ సంచిల నుంచి ట్రైనింగు కాగితం తీసి, బెంజమిన్ అని రాయబోయిండు. ఆ సంతకం, ఆ జూన్, అన్నీ నాకు యాదికొచ్చినయి. అయినా నోరు ఆగలె.

"ఆ పేరు రాయకండి సర్. పాఠం తయారు చేసింది నేను, చెప్పింది నేను. నేను పోత."

ఇంటికి పోయి మాట్లాడుదాం అన్నడు మా ఆయన, పండ్ల సందుల నుంచి.

"ఇంట్ల మాట్లాడిన. మీరు వినలె. అందుకే ఇక్కడ మాట్లాడుతున్న."

రామ్‌చందర్ సార్ పెన్ను పట్టుకుని ఒకసారి ఆయన దిక్కు, ఒకసారి నా దిక్కు చూసిండు. చెడ్డ మనిషేం కాదు. చిన్నపిల్లకు నచ్చజెప్పినట్టు మెల్లగ అన్నడు, "పదిరోజులమ్మా. ఇంట్ల ఎవరు చూసుకుంటరు?"

"హెడ్మాస్టర్ సార్ పేరు రాయబోయినప్పుడు మీరు ఆ మాట అడగలేదు సర్," అన్న.

రామ్‌చందర్ సార్ పెన్ను కాగితం మీద పెట్టిండు. నా పేరు ఇంగ్లీషుల ఎట్ల రాస్తరని అడిగిండు. ఒక్కొక్క అక్షరం చెప్పిన, ఆఖరి బెంచీ దాక వినపడేటట్టు.