ఆదివారం ఒప్పుకోలు

మద్దిలపాలెం డిపో ఎదుట ఇప్పుడు అద్దాల బట్టల కొట్లు వచ్చాయిగానీ, తొంభైల్లో అక్కడొక టీ బడ్డీ ఉండేది. దాని ముందు బల్ల మీద సాయంత్రమయ్యేసరికి ఇద్దరు చేరేవారు. ఒకడు నరసింహమూర్తి, పోర్టులో క్రేను నడిపేవాడు. రెండోవాడు ప్లీడరు యేసుదానం. ఒకడిది గోదావరి నుంచి పొట్టచేత పట్టుకుని వచ్చిన కుటుంబం, ఇంకొకడిది తాతల నాటినుంచీ ఈ ఊరి చర్చినే నమ్ముకున్న కుటుంబం. ఏ చుట్టరికమూ లేకపోయినా బావా అంటే బావా అనుకునేవారు. నరసింహమూర్తి గోదావరి యాస కూడా ఆ బల్ల మీదే విశాఖ యాసైపోయింది. ఆ టీ ఏమంత గొప్పదని కాదు, వేడినీళ్లకి రంగు వేసినట్టుండేది. అయినా రిటైరై ఇన్నేళ్లయ్యాక కూడా, బస్సు అటు పోతే చాలు, నరసింహమూర్తి మెడ కిటికీ వైపు తిరుగుతుంది. ఏం రోజులవి!

ఆ రోజుల్లోనే, పిల్లల కోసమని ఆటోనగర్ అవతల అతను కొనుక్కున్న స్థలాన్ని రోడ్డుకోసం ప్రభుత్వం తీసుకుంది. ఇచ్చిన పరిహారం చూస్తే ఎవరికైనా కడుపు మండుతుంది. ఇంకా ఇప్పించమని కోర్టుకెక్కాలంటే, ముందు భూసేకరణ ఆఫీసులో గడువులోగా దరఖాస్తు పడాలి. ఆ పని యేసుదానానికే అప్పగించాడు. గడువేమో మే నెలలో ముగుస్తుంది.

"కాగితం ఎప్పుడిస్తావ్ బావా?" అని నరసింహమూర్తి అడగనే అడిగాడు.

"కంగారేటి? ఎండాకాలం సెలవులు కదా. కోర్టు తెరిసిన రోజు పడేద్దాం" అన్నాడు యేసుదానం.

ప్లీడర్లకి వేసవి సెలవులంటే అంత ధీమా. సెలవుల్లో గడువు దాటినా, కోర్టు తెరిచిన రోజు వేస్తే చెల్లుతుంది. ఏళ్ల తరబడి వాళ్లకదే అలవాటు. ఆ మే నెలంతా ఇద్దరూ భీమిలి ఇసుకలో కూర్చుని, ఫిషింగ్ హార్బరులో చందువా చేపలు బేరమాడి, హాయిగా తిరిగారు. జూన్‌లో దరఖాస్తు పట్టుకెళ్తే గుమాస్తా తేదీ చూసి తిప్పి ఇచ్చేశాడు. అది కోర్టు కాదు, ఆఫీసు. ఆఫీసుకి వేసవి సెలవులేమిటి, నా మొహం! తల పండిన ప్లీడరుకి అంత చిన్న సంగతి తట్టలేదు. ఇక ఆ స్థలం మీద ఒక్క రూపాయి కూడా ఎక్కువ రాదు.

ఆ ఆదివారం పొద్దున్నే యేసుదానం చర్చికని తెల్లబట్టలు వేసుకుని బయల్దేరి, నరసింహమూర్తి ఇంటికి వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మంలో నిలబడే చెప్పాడు.

"తప్పు నాదే బావా. నువ్వడిగావ్ కూడా, నానే పట్టించుకోనేదు. నీ పిల్లల నోటికాడ కూడు పారబోసినాను. నా మీద కేసెయ్యి. ఇల్లమ్మయినా ఇత్తాను."

చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు. నరసింహమూర్తి భార్య వెంకటరమణమ్మ మంచినీళ్లు తెచ్చి గుమ్మంలోనే అందించింది. అప్పటిదాకా అతన్ని కొట్టాలన్నంత కోపంతో ఉన్నాడు నరసింహమూర్తి. ఆ కోపం ఎటు పోయిందో పోయింది. చదువుకున్నవాడు గుమ్మంలోకి వచ్చి తప్పు నాదని చెప్పడం ఎవరైనా ఎక్కడైనా చూశారా? నరసింహమూర్తి చూశాడు.

అయినా నలుగురూ చెప్పగా కేసు వేశాడు. యేసుదానానికి ఇన్సూరెన్సు పాలసీ ఉందని అప్పుడే తెలిసింది. ప్లీడరు పొరపాటు వల్ల క్లయింటు నష్టపోతే ఆ నష్టం కంపెనీ కడుతుందట. నరసింహమూర్తి తరపున చంద్రిక అనే ప్లీడరమ్మ నిలబడింది. విచారణ రోజు వినియోగదారుల ఫోరం వరండాలో అతన్ని పక్కకి పిలిచింది.

"పాలసీలో ఒక షరతుందండి. కంపెనీని అడక్కుండా ఆయన తప్పు ఒప్పేసుకుని ఉంటే కంపెనీ తప్పుకుంటుంది. అప్పుడు మొత్తం ఆయన నెత్తినే పడుతుంది. వాళ్ల లాయరు మిమ్మల్ని ఆ ప్రశ్నే అడుగుతాడు. ఏం చెప్పాలో నేను చెప్పకూడదు" అంది.

అడగనే అడిగాడు కంపెనీ లాయరు. "యేసుదానం గారు మీ దగ్గర తప్పు ఒప్పుకున్నారా?"

ఎదురుగా బెంచీ మీద యేసుదానం తల వంచుకుని కూర్చున్నాడు. అవునంటే ఆ ఇల్లు పోతుంది, క్రిస్మస్‌కి అతని భార్య ప్రేమలీల అరిసెలు పెట్టి పంపే ఇల్లు. లేదంటే దేవుడి మీద చేసిన ప్రమాణం పోతుంది.

"నేదండి" అన్నాడు. అక్కడితో ఆగితే ఎంత బాగుండేది! భయపడ్డ మనిషి నోరు ఆగదు కదా. "ఒక్క మాటా అననేదండి. మా గడపే తొక్కనేదు."

యేసుదానం తలెత్తి చూసి, మళ్లీ దించుకున్నాడు.

కంపెనీ డబ్బు కట్టింది. తీర్పులో మాత్రం ఒక మాట రాశారు, అంత నష్టం చేసి కూడా క్లయింటు ఇంటికి వెళ్లి విచారం తెలిపే సంస్కారం ఈ న్యాయవాదికి లేకపోయిందని. జిల్లా పేపరు సరిగ్గా ఆ మాటే ఏరి వేసింది. నరసింహమూర్తి ఆ సాయంత్రం పరుగున బడ్డీకి పోయాడు.

"నీ ఇల్లు నిలబెడదామనే అలాగన్నాను బావా."

"తెల్సు. నీ మీద కోప్పడతన్నానా ఏటి?" అన్నాడు యేసుదానం నెమ్మదిగా. "ఆ షరతు నాకు ముందే తెల్సు. ఇల్లు పోతే పోనీ అనుకునే ఆదోరం నీ కాడికొచ్చాను. లేచి నిజం సెప్దామనుకున్నాను గానీ, అబద్దపు సాచ్చికమని నిన్ను లోపలేత్తారు. అందుకే కూకుండిపోయాను. నా బతుకులో నాను సేసిన గొప్ప పని, అలా నీ గుమ్మంలోకొచ్చి తప్పొప్పుకోడం ఒక్కటే బావా. దాన్ని నువ్వే నేదనేసావ్."

ఆ తర్వాత కూడా వాళ్లు ఏళ్ల తరబడి ఆ బల్ల మీద టీ తాగారు. నవ్వుకున్నారు కూడా. యేసుదానం పోయినప్పుడు సమాధి దగ్గర, ఎవరైనా రెండు మాటలు చెప్పండని పాస్టరు గారు అడిగారు. ఆ ఆదివారం సంగతి నరసింహమూర్తి నోటిదాకా వచ్చింది, కానీ ప్రేమలీల ఇంకా ఆ ఇంట్లోనే ఉంటోంది. లేచి, "మా బావ మంచోడండి" అని మాత్రం చెప్పి కూర్చున్నాడు.