ఏ ఇంటి గుంజ ఆ ఇంటిదే

పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగానే పొన్నమ్మక్క ఇంటి గోడ కూల్చారు. బుల్డోజర్ వెనక్కి తగ్గాక ఆమె ఇటుకల్లోంచి గిన్నె లాగింది. అన్నం నిండా సున్నం. పోలీసులు అడ్డంగా నిలబడ్డారు. ముందు వీధి వాళ్ళు తమ గడపల్లో నిలబడి చూశారు.

చెన్నై తొండియార్‌పేటలో రైలు పట్టాల పక్కన మా పేట మొత్తం రెండే వీధులు. హార్బరులో మూటలు మోయడానికి నెల్లూరు వైపు నుంచి వచ్చినవాళ్ళ మునిమనవలం మేము. ఈ నేల మీద కంటైనర్ల గోడౌను కట్టాలని కాంట్రాక్టరు వెంకట్రామ్ వచ్చాడు. ముందు వీధి వాళ్ళకు ఊరి నడుమ పురసవాక్కంలో ఫ్లాట్లన్నాడు. మా వెనక వీధికి ఊరి అవతల, చెరువు పూడ్చిన చోటన్నాడు. అంతే, రెండు వీధుల మధ్య మాటలు ఆగిపోయాయి.

"వాండ్లకి లిఫ్టంట, మనకి బురదంట," అంది పొన్నమ్మక్క, సున్నం అన్నం కుక్కకు వేస్తూ. "పోనీలే హేమా. వాండ్ల కొంపలు గూడా కూలాల. నేను కండ్లారా చూడాల."

నాకూ అదే కోరిక. దాచడం దేనికి? ముందు వీధి అలమేలత్త గడప మీద ముగ్గు చూసినా నాకు ఒళ్ళు మండేది.

ఆ మంటతోనే ఆఫీసుకు వెళ్ళేదాన్ని. విదేశీ పుస్తకాలకు పేజీలు కూర్చే పని మాది. ఆ వారం నా ముందుకు వచ్చింది జర్మనీలో హాల్‌బెర్న్ అనే పల్లె చరిత్ర. మా పేటలో సగం జనం కూడా లేని ఊరు. దాని చర్చి గురించి లావుపాటి పుస్తకం! ఏ దూలం ఏ ఇంటివాళ్ళు ఇచ్చారో, గంట ఎప్పుడు పగిలిందో, అన్నీ ఉన్నాయి. మా పేటకు పటంలో పేరైనా లేదు. మేము నిన్న మొన్న వచ్చిన ఆక్రమణదారులమని వెంకట్రామ్ అంటే కాదనడానికి ఒక్క పేజీ లేదు. కుళ్ళుతో నా కళ్ళు మండాయి. ఆ ఊళ్ళో రాయికి ఉన్న గౌరవం ఈ ఊళ్ళో మనిషికి లేదు.

ఒక పేజీలో చర్చి గోడ ఫోటో ఉంది. ఇటుకలతో మూసేసిన రెండు తలుపుల గుర్తులు, మధ్యలో ఒక పెద్ద వాకిలి. పూర్వం ఆ ఊరి జమీందారు ఎగువ పేట వాళ్ళకు ముందు వరసలో బల్లలిచ్చి, వేరే తలుపు పెట్టించాడట. దిగువ పేట వాళ్ళు కుళ్ళుకుని చచ్చారు. అతను దిగువ వాళ్ళ అడవికి కంచె వేస్తే ఎగువ వాళ్ళు చూస్తూ ఊరుకున్నారు. మరుసటి చలికాలం వాళ్ళ అడవికీ కంచె పడింది. అప్పుడు అందరూ కలిసి రెండు తలుపులూ మూసేసి, గోడ బద్దలుకొట్టి, ఒకే వాకిలి తెరిచారు. అందులోంచే బయల్దేరి కంచె పీకారు. వాళ్ళలో ముగ్గురిని జమీందారు ఉరి తీయించాడు. అడవి మాత్రం ఊరికి దక్కింది.

ఫ్యాక్టరీ గేటు దగ్గర ఇది చదివే అన్నల్లారా, కాలేజీ తమ్ముళ్ళారా, వినండి: మన కుళ్ళును సాగు చేసి పంట కోసుకునేవాడు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాడు.

ఆదివారం గంగమ్మ గుడి ముందు రెండు వీధుల వాళ్ళనూ పిలిచి ఈ సంగతే చెప్పాను.

"జర్మనీవాండ్ల కత మనకెందుకు పాపా," అన్నాడు ముందు వీధి పెద్ద దొరస్వామి తాత.

"మీకు కుళ్ళు, అంతేదా," అంది అలమేలత్త.

"కుళ్ళే అత్తా. లేదని ఎవురు చెప్పినారు? ఆ ఫ్లాట్లు మీరు కండ్లతో చూసినారా?"

 మర్నాడు తాతా అలమేలత్తా పురసవాక్కం వెళ్ళారు. వెంకట్రామ్ చెప్పిన బిల్డింగు ఉంది. ప్రతి బాల్కనీలో ఎవరివో బట్టలు ఆరుతున్నాయి. ఇదేమిటని అతన్ని అడిగితే, ముందు గుడి తీయనివ్వండి, తర్వాత చూద్దాం అన్నాడట.

మా పేటలో ఒక ఆచారం ఉంది. ఆడి నెలలో, అదే ఆషాఢంలో, గంగమ్మకు అంబలి పోసేటప్పుడు ఇంటికొక గుంజ తెచ్చి పందిరి వేస్తాం. ఏ ఇంటి గుంజ ఆ ఇంటిదే. ముందు వీధి గుంజలు అమ్మవారి ఎదుట, మావి చివర ఎండలో. ఒకసారి పొన్నమ్మక్క చెయ్యి తగిలిందని అలమేలత్త తన గుంజను పసుపు నీళ్ళతో కడిగింది.

గుడి కూల్చడానికి బుల్డోజర్ వచ్చిన రోజు ఆడి కాదు, పండగ కాదు. దొరస్వామి తాత తన గుంజ తెచ్చి వీధి మొగలో పాతాడు. "వెనక వీధి గుంజ ఒగటి నా పక్కన ఎయ్యండి," అన్నాడు. పొన్నమ్మక్క ఇల్లు పోయినా గుంజ మిగిలింది. అది తెచ్చి తాత పక్కన పాతింది. ఆమె పక్కన అలమేలత్త. కాసేపట్లో రోడ్డుకు అడ్డంగా గుంజల వరస, గుంజకొక మనిషి.

"పందిరి గుడి దగ్గర వేసుకోండి," అన్నాడు వెంకట్రామ్.

"ఆడ జాగా చాల్లేదు సార్," అంది పొన్నమ్మక్క.

పోలీసులు ముందుగా ఆమెనే పట్టుకున్నారు. వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి, ఈడ్చుకెళ్ళి వ్యానెక్కించారు. పొన్నమ్మక్క గుంజ పక్కకు వాలింది. దాన్ని ముట్టుకునే వాళ్ళు లేరు. బుల్డోజర్ గుంజల మధ్య ఆ సందులోకి తిరిగింది.

అలమేలత్త ఒక చెయ్యి తన గుంజ మీదే ఉంచి, రెండో చేత్తో పొన్నమ్మక్క గుంజ పట్టుకుంది.

"నన్ను గూడా ఎక్కించుకోండి సార్. గుంజ మాత్రం ఈడే ఉంటాది," అంది.

అది చూసి తాత తన అవతలి పక్క గుంజ పట్టుకున్నాడు. నేను నా పక్కది పట్టుకున్నాను. ఏ చెయ్యి ఎవరి గుంజ మీద ఉందో, ముందు ఎవరిని విడదీయాలో పోలీసులకు అంతుపట్టలేదు. బుల్డోజర్ ఆగింది.

హాల్‌బెర్న్‌ను చూసి నాకు ఇప్పటికీ అసూయే. వాళ్ళు గెలిచి కూర్చుని పుస్తకం రాసుకున్నారు. మేమింకా రోడ్డు మీదే ఉన్నాం.

వ్యాను కిటికీ ఊచల్లోంచి పొన్నమ్మక్క గొంతు వినిపించింది.

"ఏమే అలమేలూ, నా గుంజ ఒంకరగా ఉండాది. గట్టిగా పాతు."

అలమేలత్త గుంజ నిలబెట్టి, మొదలు చుట్టూ మన్ను కాలితో తొక్కి గట్టిగా పాతింది.