ఏటూరునాగారం పచ్చగానే ఉంది

మేనేజర్ ఓంకార్ టీవీకి బొట్టు పెట్టించాడని, తమ్ముడి పెళ్లికి నర్సంపేట పోయి తిరిగొచ్చాకే వాసంతికి తెలిసింది. మడికొండలోని ఆ ఆఫీసు గోడకు ఇంత పెద్ద టీవీ, దాని అంచున పసుపు కుంకుమ, పైన బంతిపూల దండ. తెర నిండా గుండ్రంగా తిరిగే పచ్చ చుక్కలు. చుట్టూ చేరినవాళ్లు అబ్బో అంటున్నారు.

వాళ్ల కంపెనీ పని ఒక ప్రైవేటు దవాఖాన నెట్‌వర్క్ చూసుకోవడం. పెద్ద దవాఖాన వరంగల్‌లో ఉంటే, దాని చిన్న కేంద్రాలు ఏటూరునాగారం అడవిదాకా ఉన్నాయి. ఎక్కడ ఇంటర్నెట్ లైన్ తెగినా కనిపెట్టడానికి, ఊరికే దొరికే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లన్నీ వెతికి ఒకదాన్ని వాసంతే తెచ్చి పెట్టింది. చూడ్డానికి అందం చందం లేదు గాని, లైన్ పోయిన మరుక్షణం ఫోన్‌కు మెసేజ్ వచ్చేది. ఊరికే వచ్చింది కదా అని ఊరికే నడుస్తుందా? డిస్కు నిండకుండా చూడాలి, అప్‌డేట్లు వెయ్యాలి, కేంద్రాల్లో మార్చిన రౌటర్ పెట్టెల నెట్‌వర్క్ అడ్రసులు సరిచెయ్యాలి. ఆ చాకిరీ అంతా ఆమెదే. ఓంకార్‌కు మాత్రం అది ఫ్రీ సామాను, ఫ్రీ సామానుకు చాకిరేంటి!

ఏటూరునాగారంలో వాన పడితే చాలు, లైన్ పోయేది. అక్కడి నర్సు సమ్మమ్మ సిగ్నల్ కోసం రోడ్డు మీదికి ఉరికి వాసంతికి ఫోన్ చేసేది. గుండెనొప్పితో వచ్చినవాళ్ల ఈసీజీ వరంగల్ డాక్టరుకు చేరితేనే ఏ సూది వెయ్యాలో ఆమెకు తెలిసేది. ఒకసారి వాసంతే ఆమెకు ధైర్యం చెప్పింది.

"నువ్వు ఉరకకు అక్కా. లైన్ పోంగనే నాకు తెలుస్తది, నేనే లైన్‌మన్‌ను పంపిస్త. నువ్వు పేషెంట్ దగ్గరనే ఉండు."

అప్పటినుంచి సమ్మమ్మ ఫోన్ చెయ్యడం మానేసింది. వాసంతి కూడా ఏనాడూ మాట తప్పలేదు.

ఇప్పుడా పాతదాన్ని ఓంకార్ ఆపేశాడు. ఏదో వీడియోలో తిరిగే చుక్కలు చూసి మనసు పడి, ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్ దించాడు. అందులో ఒక్కో కేంద్రానికి ఒక్కో చుక్క, లైన్ ఉంటే పచ్చ, పోతే ఎరుపు. రెండూ ఒకే సర్వర్ మీద నడిస్తే బరువని పాతదాని పీక నొక్కాడు. అన్ని కేంద్రాలూ ఎక్కించారా, మెసేజులు వస్తాయా అని వాసంతి అడిగితే, అన్నీ అయినయి, పచ్చగా కనబడతలేవా, కండ్లు లేవా అని కసిరాడు. ఏటూరునాగారం కూడా పచ్చగానే ఉంది. వాదించినా గోడకు చెప్పుకున్నట్టే. సరేననుకుని నమ్మింది.

ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం సమ్మమ్మ ఫోన్ చేసింది. మొగిలమ్మ అనే ముసలామె ఛాతీ నొప్పితో వచ్చిందట. ఈసీజీ తీస్తే పోలేదట. లైన్ పొద్దుటినుంచే లేదట. వాసంతికి తెలిసే ఉంటుంది, ఇదిగో లైన్ వస్తది, అదిగో వస్తది అనుకుంటూ సమ్మమ్మ మంచం పక్కనే కూర్చుంది. మొగిలమ్మ చెయ్యి ఆమె చేతిలోనే చల్లబడింది.

వాసంతి తలెత్తి చూసింది. తెర మీద ఏటూరునాగారం నిగనిగలాడుతూ పచ్చగా తిరుగుతోంది.

దాని అడ్రసు తెరిచింది. ఏటూరునాగారం పేరు కింద ఉన్నది మడికొండ ఆఫీసు రౌటర్ అడ్రసు. అడవిలోని దవాఖాన బాగుందా అని ఈ దిక్కుమాలిన తెర పక్క గదిని అడిగి, బాగుందని చెబుతోందన్నమాట!

నిలదీస్తే ఓంకార్ మొహంలో కాస్తయినా సిగ్గు లేదు. పూజ నాడు అది ఎర్రగా ఉందట. కంపెనీ ఓనర్ రాంప్రసాద్ కొబ్బరికాయ కొట్టే వేళ ఎరుపు కనబడితే అపశకునమట. అందుకని ఆ పూటకు అడ్రసు మార్చాడట, తర్వాత యాది మరిచాడట. హవ్వ, మనిషి పుట్టుకేనా అది? అక్కడితో ఆగినా బాగుండేది. గొంతు తగ్గించి ఇంకో మాట అన్నాడు.

"ఫికర్ చెయ్యకు వాసంతీ. దవాఖానోళ్లు అడిగితే, లైన్ మంచిగనే ఉన్నదని మన సిస్టం చూపెడతది. తప్పు ఆ నర్సు మీదికి పోతది."

వాసంతికి ఆ మనిషి పక్కన నిలబడి గాలి పీల్చడం కూడా రోతనిపించింది. అడ్రసు సరిచేసింది, ఏటూరునాగారం ఎర్రబడింది. అతని ముందే దవాఖాన పెద్ద డాక్టరుకు ఫోన్ చేసి, జరిగిందంతా ఏదీ దాచకుండా చెప్పింది. ఓంకార్ అరుస్తూనే ఉన్నాడు, ఉద్యోగం పోతుందని బెదిరించాడు. పోతే పీడా పోయె.

బయటికొచ్చి సమ్మమ్మకు ఫోన్ కలిపింది.

"ఇగ నన్ను నమ్మకు అక్కా. లైన్ పోతే ఉరికొచ్చి ఫోన్ చెయ్యి."

"గీ మాట పొద్దుగాల చెప్తె ఉరికేదాన్ని గద చెల్లె," అంది సమ్మమ్మ.