హెడ్‌మాస్టరమ్మ తాడు

మా పళ్ళ డాక్టరమ్మకు ఏడాదికోసారి క్లినిక్ వాళ్ళందరినీ ఇంటివాళ్ళతో సహా ఎక్కడికైనా తిప్పుకొచ్చే అలవాటు ఉంది. ఈసారి కొండల్లో నాలుగు రోజుల క్యాంపు అంది. గుడారాల్లో పడుకోవడం, చెరువులో పడవ నడపడం, గుహలో పాకడం, తాడు కట్టుకుని కొండచరియ దిగడం. అపాయింట్‌మెంట్లు రాసుకుంటూ కుర్చీకి అతుక్కుపోయిన నా నడుముకు ఇందులో ఒక్కటీ అక్కర్లేదు. కానీ తాడు మాట చెవిలో పడగానే మా ఆయన పేరు కూడా రాయించేశాను.

మా ఆయన క్రేన్ ఆపరేటరు. పదిహేనేళ్ళుగా మేడల కంటే ఎత్తున, గాజు క్యాబిన్‌లో కూర్చుని బరువులు లేపిన మనిషి. ఆరు నెలల కిందట ఇనప కడ్డీల కట్ట ఒకటి గొలుసులోంచి జారి కింద పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఒక తోపుడు బండి మాత్రం నుజ్జునుజ్జయింది. కట్టు సరిగ్గా కట్టలేదని కింద గొలుసులు తగిలించే బక్కాయన్ని పనిలోంచి తీసేశారు. మా ఆయన్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. అయినా ఆ మర్నాటి నుంచి క్రేన్ నిచ్చెన మీద చెయ్యి వెయ్యడం, తీసెయ్యడం. స్టోరు గదిలో బోల్టులు సర్దుకుంటూ కాలం గడిపాడు. సోమవారం క్యాబిన్ ఎక్కకపోతే ఇక స్టోరులోనే ఖాయం చేస్తామని ఇంజనీరు తేల్చి చెప్పాడు. మా క్యాంపు ఆదివారంతో అయిపోతుంది.

ఎత్తంటే భయం పట్టుకుందని నా నమ్మకం. పన్ను పీకించుకోడానికి వచ్చి గుమ్మంలోంచే వెనక్కి తిరిగేవాళ్ళను రోజూ చూస్తాను. వాళ్ళను ఎలాగోలా కుర్చీలో కూర్చోబెడితే సగం భయం అక్కడే పోతుంది. మొగుణ్ణి కూడా అలాగే కూర్చోబెట్టేద్దామని నా ఎత్తు.

మమ్మల్ని తీసుకెళ్ళిన గైడు నా భుజం దాకా కూడా రాని మనిషి. ముప్పై అయిదేళ్ళుంటాయి. బస్సు దిగగానే మా ఎనిమిది మందినీ వరసలో నిలబెట్టి, ఎవరి బూట్లు ఎవరు సరిగ్గా కట్టుకోలేదో వంగి మరీ చూసింది. నేను అప్పుడే హెడ్‌మాస్టరమ్మ అని పేరు పెట్టేశాను. ఆవిడతో పాటు బుర్రమీసాల సహాయకుడు ఒకాయన ఉన్నాడు. వయసులో పెద్ద, మాటలో పొదుపు.

పేరైతే వెక్కిరింపుగానే పెట్టాను గానీ, రెండు రోజుల్లో నా నోరు మూతపడింది. అందరికంటే నెమ్మదిగా నడిచేదాన్ని నేను. నన్నే అందరికంటే ముందు నడవమంది. "మీ వెనక మేమంతా వస్తాం, మీ ఇష్టమొచ్చినట్టు నడవండి" అంది. దాంతో జట్టు మొత్తం నా నడకే నడిచింది, వెనకబడిపోయానన్న చిన్నతనం నాకు లేకుండా పోయింది. చెరువులో డాక్టరమ్మ పడవ గుండ్రంగా తిరుగుతూ ఉంటే నవ్వకుండా, అరవకుండా పక్కనే తెడ్డు వేస్తూ అరగంట ఉంది. గుహలోకి వెళ్ళేముందు ఎవరికి ఇరుకంటే పడదో ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి అడిగింది, అందరి ముందూ అడగలేదు. మనుషులతో పని చేసే ఉద్యోగం నాదీనూ. ఆవిణ్ణి చూశాక నాకింకా చాలా రాదని తెలిసింది.

మూడోరోజు కొండచరియ. ఎనభై అడుగులు ఉంటుందట. ఆవిడ రూలు ఒకటే. ఎవరు నడుముకూ తొడలకూ పట్టీలు కట్టుకున్నా ఇంకొకరు చేత్తో పట్టి చూసి, "చూశాను" అని పైకి అనాలి. ఆవిడ పట్టీలు కూడా మాలో ఒకరు చూడాల్సిందే. దిగే విధం చూపించడానికి ముందు తానే సిద్ధమైంది. మా ఆయన అంచుకు నాలుగు గజాల దూరంలో, నేను దిగను అన్నట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ బలవంతపెట్టలేదు.

"దిగకపోతే మానె, సార్. నన్ను కాస్త చూడండి" అంది.

నేనైతే పైపైన చూసి "చూశాను" అనేసేదాన్ని. రోజూ అదే పని చేసేవాళ్ళకు మనం ఏం చూస్తాం. ఆయన వంగి ఒక్కొక్క బకిలూ వేలితో తడిమి, నడుం దగ్గర ఆగిపోయాడు.

"ఈ పట్టీ కొస బకిల్లోంచి మళ్ళీ వెనక్కి దూర్చలేదండీ."

ఆవిడ కిందికి చూసుకుంది. కొస వేలాడుతోంది. అలాగే దిగి ఉంటే బరువు పడగానే పట్టీ జారిపోయేది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. రెండు క్షణాల పని, దూర్చేసుకుని నవ్వేస్తే అక్కడితో అయిపోయేది. నేనైతే అదే చేసేదాన్ని. ఆవిడ హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుని మమ్మల్నందరినీ దగ్గరికి పిలిచింది.

"నేను తప్పు చేశాను. మీతో మాట్లాడుతూ పట్టీ పెట్టుకున్నాను, పూర్తి చెయ్యలేదు. ఈ సారు పట్టుకున్నారు. పట్టీల దగ్గర తప్పు చేసినవాళ్ళు ఆ రోజు ఇక తాడు ముట్టుకోకూడదు. అందుకని ఇవాళ మిమ్మల్ని దించేది మా సహాయకుడు."

గొంతులో వణుకు లేదు, సాగదీత లేదు. తాళాలు అందించినట్టు మీసాలాయనకు చేతి తొడుగులు అందించి, సాయంత్రం దాకా ఒక బండ మీద కూర్చుని దిగివచ్చినవాళ్ళకు నీళ్ళు పోసింది. ఆ బండ వైపు చూడ్డానికి మాకే మొహం చెల్లలేదు. ఏడుగురం దిగాం. మా ఆయన మాత్రం దిగలేదు.

చీకటి పడకముందే గుడారం దగ్గర ఇద్దరం కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాం. ఆయన ఒకే దుంపను చెక్కుతూ చెక్కుతూ గోలీకాయంత చేశాడు.

"ఆ రోజు బక్కాయన చెయ్యి ఎత్తలేదు" అన్నాడు.

"ఏ రోజు?"

"కడ్డీలు పడిన రోజు. ఆయన ఇంకా రెండో గొలుసు బిగిస్తున్నాడు. చెయ్యి ఎత్తితేనే లేపాలి. నాకు తొందర. చూడకుండా లేపేశాను. ఆయన కట్టులో ఏ తప్పూ లేదు, కట్టడమే పూర్తి కాలేదు."

"మరి అడిగినప్పుడు?"

"ఆయన మాట ఎవరూ నమ్మలేదు. నన్ను ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. నిచ్చెన పట్టుకుంటే ఆయన మొహమే కనిపిస్తోంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆరు నెలలు లేని భయానికి మందు వేశాను. వేడినీళ్ళు పెట్టాను, కాళ్ళు పట్టాను, పక్కింటివాళ్ళకు అబద్ధాలు చెప్పాను. అవతల ఒక మనిషి చెయ్యని తప్పుకు పని పోగొట్టుకుని ఇంట్లో కూర్చున్నాడు. చేతిలో ఉన్న దుంప ఆయన మీదికి విసిరేద్దామనుకున్నాను. ఆయన మొహం చూసి గిన్నెలో వేశాను.

ఆదివారం పొద్దున, బయల్దేరే ముందు, కావాలంటే ఇంకోసారి దిగొచ్చన్నారు. ఈసారి పక్కపక్కనే రెండు తాళ్ళు. ఒకటి మీసాలాయనది, ఒకటి హెడ్‌మాస్టరమ్మది. ఆవిడ తొడుగులు వేసుకుని సిద్ధంగా నిలబడింది. మేమంతా ఒకరినొకరు చూసుకోకుండా, ఏమీ ఎరగనట్టు, వెళ్ళి మీసాలాయన దగ్గర వరస కట్టాం. డాక్టరమ్మతో సహా. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను మూడోదాన్ని. ఆవిడ ముందు ఒక్కరూ లేరు. ఆవిడ మమ్మల్ని పిలవలేదు, మొహం మాడ్చుకోలేదు, తాడు కొసలు మరోసారి తడిమి చూసుకుంటోంది.

గుడారం వైపు నుంచి మా ఆయన వచ్చాడు. హెల్మెట్ పెట్టుకున్నాడు. నన్ను దాటి, వరస దాటి, నేరుగా ఆవిడ ముందుకు వెళ్ళి నిలబడ్డాడు.

"ఆయన దగ్గర దిగినా నేనేం అనుకోను సార్" అంది ఆవిడ మెల్లగా.

"మీ దగ్గరే దిగుతానండీ. మీరు తప్పు చేస్తే చెప్పేస్తారు."

ఆవిడ పట్టీలు ఆయన చూశాడు. ఆయన పట్టీలు ఆవిడ చూసింది. అంచు దగ్గర తాడు పట్టుకుని వెనక్కి వాలాడు. కనుమరుగయ్యాక చాలాసేపటికి కింద నుంచి "దిగాను" అని కేక వినిపించింది. నేను వరసలోంచి బయటికి వచ్చి హెడ్‌మాస్టరమ్మ దగ్గర నిలబడ్డాను. నేను కళ్ళు తుడుచుకుంటుంటే ఆవిడ నా హెల్మెట్ బెల్టు సరిచేస్తున్నట్టు కాసేపు అడ్డంగా నిలబడింది. నా జన్మలో ఇంత నచ్చిన మనిషి ఇంకొకరు లేరు.

సోమవారం మధ్యాహ్నం క్లినిక్ ఫోన్ మోగింది. మా ఆయన.

"ఇంజనీరుకి చెప్పేశాను. అందరి ముందూ చెప్పాను."

"ఏమన్నాడు?"

"బక్కాయన్ని మళ్ళీ తీసుకుంటారట. నాకు క్యాబిన్ లేదు. ఇస్తారో లేదో కూడా తెలీదు."

వెయిటింగ్ గదిలో ముగ్గురు దవడలు పట్టుకుని నన్నే చూస్తున్నారు. క్యాబిన్ కోసమే ఆయన్ని కొండలు ఎక్కించాను. అది పోయిందని చెబుతున్నాడు, అయినా ఆ గొంతు నేను పెళ్ళి చేసుకున్న మనిషి గొంతు.

"బక్కాయనకు ఫోన్ చేశాను. నా గొంతు విని పెట్టేశాడు" అన్నాడు. "సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాలి. తలుపు తియ్యకపోవచ్చు. నువ్వు వస్తావా?"

నాలుగింటి తర్వాతి అపాయింట్‌మెంట్లన్నీ మర్నాటికి మార్చేసి, డాక్టరమ్మకు ఎందుకో పూసగుచ్చినట్టు చెప్పి, బ్యాగు భుజాన వేసుకున్నాను.